అధివాస్తవికతావాదం: వింత బొమ్మకూ ఉద్యమానికీ మధ్య గీత ఎక్కడ?

ప్రశ్న: నీలిమేఘం

అందరికీ నమస్కారం. చిత్రకళను నేను పద్ధతిగా చదువుకోలేదు; పుస్తకాలలోనూ ప్రదర్శనలలోనూ చూసి ఇష్టపడేవారిలో ఒకరిని. ఈ మధ్య కాస్త వింతగా కనిపించే ప్రతి బొమ్మనూ ‘సర్రియల్’ అంటున్నారు. మేఘాల మీద నడిచే ఏనుగు పోస్టరుకూ, సాల్వడార్ డాలీ వేసిన మెత్తబడి వేలాడే గడియారాలకూ, జోన్ మిరో కాన్వాసు మీద ఎగిరే చుక్కలకూ గీతలకూ అదే పేరు వినబడుతుంటే, ఆ పేరుకు హద్దు ఎక్కడో నాకు అందడం లేదు.

నా సందేహాలు మూడు. అధివాస్తవికతావాదం (సర్రియలిజం) ఒక ఉద్యమం అయినప్పుడు దాని వెనుక ఒక ఆలోచన ఉండి తీరాలి. అది ఏమిటి, ఎందుకు పుట్టింది? డాలీ ఫొటో తీసినంత స్పష్టంగా వేస్తాడు, మిరో చిత్రాలలో గుర్తుపట్టగల వస్తువులే తక్కువ. ఈ ఇద్దరినీ ఒకే ఉద్యమానికి చెందినవారని ఎలా అంటున్నారు? ఇటువంటి చిత్రం ముందు నిలబడినప్పుడు అందులోని ప్రతి వస్తువుకూ ఒక రహస్యార్థం ఉందనుకుని దాన్ని విప్పడానికి ప్రయత్నించాలా? తెలిసినవారు వివరంగా రాస్తే సంతోషిస్తాను.

జవాబు: గ్రంథాలయవాసి

నీలిమేఘం గారూ, ఈ ఉద్యమం కథను చిత్రాలతో కాకుండా ఒక సైనిక ఆసుపత్రితో మొదలుపెడితే మీ మొదటి సందేహం తేలికగా తీరుతుందని నా నమ్మకం. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తున్న 1916లో, తరువాత ఈ ఉద్యమానికి నాయకుడైన కవి ఆంద్రే బ్రెటన్ ఇరవై ఏళ్ల వైద్యవిద్యార్థి. యుద్ధరంగంలో మతి చలించిన సైనికులకు చికిత్స చేసే సాఁ-దిజియే పట్టణంలోని కేంద్రంలో అతను పనిచేశాడు. రోగులు తమ కలలను, మనసులోకి వరుసగా వచ్చే మాటలను అడ్డు లేకుండా చెప్పేలా చేసి, వాటిని రాసుకోవడం అక్కడ అతను నేర్చుకున్న పని. ఆ యుద్ధమంతా నటన అనీ, పడే గుండ్లు ఉత్తుత్తివనీ, గాయాలు రంగు పూసి పెట్టినవనీ గట్టిగా నమ్మిన ఒక సైనికుణ్ణి అతను అక్కడ చూశాడు. ఆ మనిషి మాటలను ఆధారం చేసుకుని తరువాత ఒక రచన కూడా చేశాడు. లక్షలమందిని కందకాలలోకి పంపిన పెద్దలు వివేకవంతులుగా, ఆ యుద్ధాన్ని నమ్మనివాడు పిచ్చివాడుగా లెక్కకు వచ్చే లోకంలో, ‘వివేకం’ అనే మాట మీదనే ఆ తరం యువకులకు నమ్మకం పోయింది. ఈ నేపథ్యం తెలియకపోతే తరువాత జరిగినదంతా కుర్రకారు చేసిన ఆర్భాటంలా కనిపిస్తుంది.

అదే కోపం 1916లోనే జూరిచ్ నగరంలోని కాబరే వోల్టేర్ అనే వినోదశాలలో డాడా అనే ఉద్యమం పేరుతో బయటపడింది. డాడా కళను, తర్కాన్ని, దేశభక్తి ఉపన్యాసాలను కలిపి కూల్చింది. పారిస్‌లో కొంతకాలం దానితో కలిసి నడిచిన బ్రెటన్‌కు కూల్చడం ఒక్కటే చాలదనిపించింది. తర్కం పక్కకు తప్పుకున్నప్పుడు మనసు ఏం చెబుతుందో వినాలనేది అతని పట్టుదల. 1919 వసంతంలో అతను, మరో కవి ఫిలిప్ సూపో కలిసి ముందుగా ఏమీ అనుకోకుండా, రాసినదాన్ని దిద్దకుండా, వేగాన్ని మారుస్తూ పేజీలకు పేజీలు రాశారు. ఆ రాతలు మరుసటి ఏడాది ‘అయస్కాంత క్షేత్రాలు’ అనే పుస్తకంగా వెలువడ్డాయి. స్వయంచాలక రచన అనే పద్ధతికి ఇదే మొదటి పెద్ద ప్రయోగం. 1922 శరత్తులో ఈ బృందం మరో ప్రయోగానికి దిగింది: రెనే క్రెవెల్, రొబేర్ దెస్నోస్ వంటివారు నిద్రావస్థ వంటి స్థితిలోకి వెళ్లి మాట్లాడేవారు, రాసేవారు. అది క్రమంగా ప్రమాదకరంగా మారడంతో కొన్ని నెలలలోనే ఆపివేశారు.

ఉద్యమం పేరు మాత్రం అంతకంటే పాతది. కవి గియోం అపోలినేర్ 1917లో ఒక బ్యాలే గురించి రాస్తూ ఆ మాటను వాడాడు, అదే ఏడాది తన నాటకానికీ ఆ విశేషణాన్ని తగిలించాడు. 1924 అక్టోబరులో బ్రెటన్ ప్రకటించిన మ్యానిఫెస్టో (ఉద్యమ ప్రకటన పత్రం) దానికి స్థిరమైన నిర్వచనం ఇచ్చింది. బుద్ధి చేసే అదుపు ఏదీ లేకుండా, అందం గురించిగానీ నీతి గురించిగానీ బెంగ లేకుండా, ఆలోచన నిజంగా ఎలా సాగుతుందో దాన్ని మాటలోనో రాతలోనో మరో విధంగానో బయటపెట్టడమే అధివాస్తవికత అని దాని సారాంశం. అదే నెలలో పారిస్‌లోని గ్రెనెల్ వీధిలో 15వ నంబరు ఇంట ‘అధివాస్తవిక పరిశోధన కార్యాలయం’ తెరిచి, తమ కలలను, వింత అనుభవాలను వచ్చి చెప్పవలసిందిగా నగరవాసులను ఆహ్వానించారు. ఆ పేరులోని ‘పరిశోధన’ అన్న మాటను వారు మనస్ఫూర్తిగానే వాడారు. డిసెంబరులో మొదలైన వారి పత్రిక కూడా చూడడానికి శాస్త్ర పత్రికలా ఉండేటట్టు రూపొందించుకున్నారు.

వారికి ప్రాణప్రదమైన వాక్యం ఒకటుంది. 1870లో ఇరవైనాలుగేళ్లకే మరణించిన లోత్రెయామాన్ అనే కవి, ఒక యువకుడి అందాన్ని వర్ణిస్తూ, శవాన్ని కోసే బల్ల మీద కుట్టుమిషనూ గొడుగూ అనుకోకుండా కలుసుకున్నంత అందం అని రాశాడు. ఎంతో దూరంగా ఉన్న రెండు వాస్తవాలు పక్కపక్కకు వచ్చినప్పుడు మెరుపు పుడుతుందనీ, వాటి మధ్య దూరం ఎంత ఎక్కువగా ఉంటే ఆ మెరుపు అంత బలంగా ఉంటుందనీ వారు నమ్మారు. కలను, మెలకువను విడగొట్టిన గోడ కూలి, రెండూ కలిసిన మరింత సంపూర్ణమైన వాస్తవం ఒకటి చేతికి అందుతుందనేది వారి ఆశ. కాబట్టి మీరు అడిగిన హద్దు, నా దృష్టిలో, చిత్రం ఎంత వింతగా ఉందనే దాని మీద ఆధారపడదు. ఆ వింత ఏ దారిన దొరికింది, దేనికోసం వెతుకుతుండగా దొరికింది అన్నదే ప్రశ్న.

జవాబు: కుంచెపని

గ్రంథాలయవాసి గారు రచయితల వైపు నుంచి చెప్పారు. నేను బొమ్మలు వేస్తాను కనుక రెండవ సందేహం తీసుకుంటాను. 1924 మ్యానిఫెస్టోలో చిత్రకళకు దాదాపు చోటే లేదు. చిత్రకారుల పేర్లు ఒక అధోజ్ఞాపికలో మాత్రమే కనిపిస్తాయి. పత్రిక తొలి సంపాదకులలో ఒకరైన పియేర్ నవీల్ 1925లో అధివాస్తవిక చిత్రకళ అనేదే లేదని రాశాడు. అతని అభ్యంతరం బలమైనదే. కలం ఆలోచనతో పాటు పరుగెత్తగలదు కానీ, రంగు కలిపి, ఆరబెట్టి, వారాల తరబడి వేసే తైలవర్ణ చిత్రం ఆ వేగాన్ని ఎలా పట్టుకుంటుంది? బ్రెటన్ వెంటనే దీనికి జవాబుగా వ్యాసాలు మొదలుపెట్టాడు, ఆ ఏడాది నవంబరులో పారిస్‌లోని పియేర్ గ్యాలరీలో తొలి అధివాస్తవిక చిత్ర ప్రదర్శన జరిగింది. అసలైన జవాబును మాత్రం చిత్రకారులు తమ చేతులతో కనుగొన్నారు.

ఆంద్రే మాసోన్ ఏ వస్తువునూ మనసులో పెట్టుకోకుండా సిరాతో వేగంగా గీసేవాడు. గీతల చిక్కులోంచి ఒక చెయ్యి, ఒక చేప, ఒక రొమ్ము తమంతట తామే బయటికి వచ్చేవి. తరువాత కాన్వాసు మీద జిగురు చిమ్మి ఇసుక చల్లి, అంటుకున్న ఆకారాలకు గీతలు జోడించి ‘చేపల యుద్ధం’ వంటి చిత్రాలు చేశాడు. మిరో ఈ దారిలోవాడే. అతని ‘విదూషకుడి ఉత్సవం’లో కనిపించే జీవులు ఒక స్వేచ్ఛగా సాగిన గీత నుంచి పుట్టి, ఆ తరువాత ఎంతో జాగ్రత్తగా కాన్వాసు మీద కుదురుకున్నవి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ మాక్స్ ఎర్న్‌స్ట్‌ది. 1925 ఆగస్టులో పోర్నిక్ అనే సముద్రతీర పట్టణంలో, వాన కురుస్తున్న రోజున, బస చేసిన గదిలోని అరిగిన చెక్కనేల గీతలు తనను పట్టి లాగాయని అతను రాసుకున్నాడు. నేల మీద కాగితం పరిచి సీసపు పెన్సిల్‌తో రుద్దాడు. చిన్నప్పుడు నాణెం మీద కాగితం పెట్టి రుద్దని వారు మనలో ఉండరు. పని సరిగ్గా అదే. కానీ అలా వచ్చిన చెక్క నారల మధ్య అతనికి అడవులు, పక్షులు, సముద్రాలు, కళ్లు కనిపించాయి. ఆకులు, గోనెగుడ్డ, దారం వంటి వాటి మీద కూడా రుద్ది తయారుచేసిన బొమ్మలను మరుసటి ఏడాది ‘ప్రకృతి చరిత్ర’ అనే పేరుతో అచ్చువేశాడు. ఈ పద్ధతిని నేను స్వయంగా చేసి చూసినప్పుడు తెలిసినది ఏమిటంటే, రుద్దడం చాలా తేలిక, ఎక్కడ ఆపాలో తెలియడం చాలా కష్టం. కాగితం మీద వచ్చినదాన్ని ముందే ఊహించలేము, అది వచ్చాక దానిలో మనకు ఏం కనిపిస్తుందో అది మన లోపలిదే. ఆస్కార్ డొమింగెజ్ 1930ల మధ్యలో ప్రవేశపెట్టిన మరో పద్ధతిలో, తడి రంగు మీద కాగితమో గాజుపలకో అదిమి పైకి లాగితే పగడపు దిబ్బల వంటి, గుహల వంటి ఆకృతులు వస్తాయి. బృందమంతా కలిసి ఆడిన ఆట కూడా ఒకటుంది: మడిచిన కాగితం మీద ముందువారు ఏం గీశారో చూడకుండా ఒకరి తరువాత ఒకరు బొమ్మను కొనసాగించేవారు. మాటలతో ఆడినప్పుడు వచ్చిన ‘అపురూపమైన శవం కొత్త ద్రాక్షసారా తాగుతుంది’ అన్న వాక్యమే ఆ ఆటకు పేరు పెట్టింది.

రెండవ దారి కలను కంటికి నమ్మశక్యంగా చూపించడం. దీనికి మార్గదర్శి ఉద్యమానికి ముందే ఖాళీ కూడళ్లను, పొడవాటి నీడలను వేసిన జోర్జో డి కిరికో. రెనే మాగ్రిట్, డాలీ ఈ దారిన నడిచారు. వీరికి పాతకాలపు శుభ్రమైన చిత్రణ పద్ధతి అవసరమైంది, ఎందుకంటే చేతిపని ఎంత మామూలుగా ఉంటే అసాధ్యం అంత నిజంగా కనిపిస్తుంది. డాలీ గడియారాల చిత్రం 1931 నాటిది. అచ్చుబొమ్మలు చూసి గోడంత ఉంటుందనుకుంటాము కానీ దాని వెడల్పు 33 సెంటీమీటర్లు, ఎత్తు దాదాపు 24 మాత్రమే. తన ఊరి తీరదృశ్యం ముందే వేసి ఉంచుకున్నాననీ, ఒక రాత్రి భోజనం తరువాత మెత్తని కామెంబేర్ జున్ను గురించి ఆలోచిస్తుండగా గడియారాలు స్ఫురించాయనీ అతను స్వీయచరిత్రలో రాశాడు. మిరో, డాలీ చేసిన పనులు వేరు. బుద్ధి ముందుగా నిర్ణయించని బొమ్మ ఎక్కడి నుంచి వస్తుంది అన్న వెతుకులాట ఇద్దరిదీ ఒకటే.

మళ్లీ నీలిమేఘం

ఇద్దరికీ ధన్యవాదాలు. ఇప్పుడు నాకు మరింత లోతైన ఇబ్బంది వచ్చింది. ఇదంతా అచేతన మనసు నుంచి వచ్చినదైతే, మానసిక విశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ పుస్తకం పక్కన పెట్టుకుని చదివితే చిత్రం విడిపోవాలి కదా? మరోవైపు, చేయి తనంతట తాను గీసిందన్నప్పుడు చిత్రకారుడి ప్రతిభకు ఏం మిగులుతుంది?

జవాబు: నడిరేయి

నేను మనస్తత్వశాస్త్రం చదివాను కాబట్టి మొదటి భాగానికి జవాబు చెబుతాను. ఫ్రాయిడ్‌కూ అధివాస్తవికులకూ మధ్య ఉన్నది ఏకపక్ష ప్రేమ. బ్రెటన్ 1921లో వియన్నా వెళ్లి ఆయనను కలిశాడు, ఎంతో నిరాశతో తిరిగివచ్చాడు. ఫ్రాయిడ్‌కు నచ్చినవి పూర్వకాలపు కళాఖండాలు. ఈ యువకుల పని ఆయనకు అంతుపట్టలేదు. 1938 జులైలో లండన్‌లో రచయిత స్టెఫాన్ జ్వైగ్ మధ్యవర్తిత్వంతో డాలీ ఆయనను కలిశాడు. మర్నాడు జ్వైగ్‌కు రాసిన ఉత్తరంలో ఫ్రాయిడ్, తనను ఆరాధ్యుడిగా ఎంచుకున్న అధివాస్తవికులను అంతవరకు పూర్తి మతిలేనివారుగానే భావించాననీ, ఈ స్పానిష్ యువకుడి కళ్లలోని తీవ్రతా చేతిలోని నైపుణ్యమూ తనను పునరాలోచించుకునేలా చేశాయనీ ఒప్పుకున్నాడు. పాతవారి చిత్రాలలో అచేతనను వెతుకుతాననీ, డాలీ చిత్రాలలో చేతనను వెతుకుతాననీ ఆయన అన్నట్టు డాలీయే చెప్పుకున్నాడు. ఆ మాట నాకు చాలా సరైనదిగా తోస్తుంది, ఎందుకంటే డాలీ ఫ్రాయిడ్‌ను క్షుణ్ణంగా చదివి, తెలిసి తెలిసి చిహ్నాలను అమర్చినవాడు.

తేడా లక్ష్యంలోనే ఉంది. వైద్యుడు కల అర్థాన్ని విప్పి రోగిని మామూలు జీవితానికి తిరిగి పంపాలనుకుంటాడు. బ్రెటన్ బృందానికి ఆ మామూలు జీవితమే మారాలి. కలను విప్పి మూటకట్టి పక్కన పెట్టడం వారికి నష్టం. అందుకే మీ మూడవ సందేహానికి నా జవాబు ‘వద్దు’ అనే. మాగ్రిట్‌ను చూడండి. అతని పదమూడవ ఏట తల్లి సాంబ్ర్ నదిలో మునిగి చనిపోయింది, ఆ తరువాత వ్యాఖ్యాతలు అతని ప్రతి ముసుగునూ ఆ నదిలోకి లాగారు. అతను మాత్రం మానసిక విశ్లేషణతో తన చిత్రాలను వివరించడాన్ని జీవితాంతం ఇష్టపడలేదు. చాలా శీర్షికలను చిత్రం పూర్తయ్యాక స్నేహితులు సూచించేవారు, బొమ్మకూ పేరుకూ మధ్య కూడా తేలికగా వివరణ కుదరకూడదన్నది వారి ఉద్దేశం. 1929లో పొగతాగే పైపును వేసి, దాని కింద ‘ఇది పైపు కాదు’ అని రాసిన చిత్రంలో దాచిన చిహ్నం ఏదీ లేదు. బొమ్మను వస్తువుగా, మాటను బొమ్మగా పొరబడే మన అలవాటే అక్కడ బయటపడుతుంది. ‘దీని అర్థం ఏమిటి’ అని అడగడానికి ముందు ‘ఇది నాలో ఏ అలవాటును కదిలించింది’ అని అడిగి చూడండి.

జవాబు: తూర్పుతీరం

పై జవాబులన్నీ విలువైనవే కానీ, వాటిలో ఒక పెద్ద లోటు ఉంది. అది చెప్పకుండా ఈ పరిచయం పూర్తి కాదు. ఇంతవరకు పేర్కొన్నవారందరూ యూరపు మగవారు. 1924లో మొదలైన ఆ ఉద్యమ పత్రిక చివరి సంచిక 1929 డిసెంబరులో వచ్చింది. అందులో మాగ్రిట్ వేసిన ఒక నగ్నస్త్రీ బొమ్మ చుట్టూ, కళ్లు మూసుకున్న పదహారు మంది పురుష సభ్యుల ఫొటోలు పేర్చారు. స్త్రీ వారికి స్ఫూర్తి, రహస్యం, కల. తోటి కళాకారిణిగా చూడడం మాత్రం తక్కువ. అయినా స్త్రీలు వచ్చారు, వేశారు, చేశారు. మెరెట్ ఓపెన్‌హైమ్ 1936లో కప్పుకూ సాసరుకూ చెంచాకూ జింక జాతి జంతువు బొచ్చు తొడిగింది. పెదవికి తగిలే స్పర్శను తలచుకుంటేనే ఒళ్లు జలదరించే ఆ వస్తువు కంటే శక్తిమంతమైన అధివాస్తవిక శిల్పం నాకు కనిపించలేదు. లెయొనోరా కారింగ్టన్ 1940లో స్పెయిన్‌లోని ఒక మానసిక చికిత్సాలయంలో బంధింపబడి, ఆ అనుభవాన్ని స్వయంగా రాసింది. మతి చలించడాన్ని బయటి నుంచి కీర్తించిన మగ కవులకు అది లోపలి నుంచి వచ్చిన సాక్ష్యం. తరువాత ఆమె, రెమెదియోస్ వారో మెక్సికోలో స్థిరపడి, వంటగదినీ రసవాదాన్నీ ఒకటి చేసిన తమదైన లోకాన్ని సృష్టించుకున్నారు. ఫ్రీడా కాలోను కూడా బ్రెటన్ తన ఉద్యమంలో కలుపుకోవాలని చూశాడు. తాను వేసేది కలలను కాదని, తన వాస్తవాన్నని ఆమె స్పష్టం చేసింది.

రాజకీయాలు కూడా ఇందులో విడదీయరాని భాగం. 1927లో బ్రెటన్, అరగాన్, ఎల్యువార్ వంటి కవులు ఫ్రెంచి కమ్యూనిస్టు పార్టీలో చేరారు. పార్టీ క్రమశిక్షణ, అచేతన స్వేచ్ఛ కలిసి బతకలేక ఆ బంధం కొన్నేళ్లకే తెగింది, అరగాన్ ఉద్యమాన్ని వదిలి పార్టీతోనే ఉండిపోయాడు. 1931లో పారిస్‌లో వలసరాజ్యాల వైభవాన్ని చాటే భారీ ప్రదర్శన జరిగినప్పుడు, దాన్ని చూడవద్దని కరపత్రం పంచినవారు వీరే. అందుకే వలస దేశాలలో ఈ ఉద్యమానికి వేరే బలం వచ్చింది. నాజీలు ఆధునిక కళను ‘క్షీణించిన కళ’ అని ముద్రవేసి ఎగతాళి చేసిన మరుసటి ఏడాది, 1938 డిసెంబరులో, కైరోలో కవి జార్జ్ హెనైన్, అతని మిత్రులు ‘క్షీణించిన కళ వర్ధిల్లాలి’ అనే ప్రకటన వెలువరించారు. మార్టినిక్ దీవిలో ఎమే సెజేర్, సుజాన్ సెజేర్ 1941 నుంచి నడిపిన ‘త్రోపిక్’ పత్రికలో అధివాస్తవికత నల్లజాతి ఆత్మగౌరవానికి ఆయుధమైంది. మన దగ్గర శ్రీశ్రీ ఫ్రెంచి అధివాస్తవిక కవులను ఆసక్తితో చదివి, వారి కవితలను తెలుగులోకి తేవడం కూడా ఈ విస్తృతిలో భాగమే. మనకు ఈ ఉద్యమం చిత్రాలకంటే ముందు కవిత్వంగానే చేరింది.

జవాబు: కుంచెపని

తూర్పుతీరం గారి మాటను పూర్తిగా అంగీకరిస్తున్నాను. నీలిమేఘం గారి రెండవ ప్రశ్న, అంటే చేయి తనంతట తాను గీస్తే ప్రతిభకు ఏం మిగులుతుంది అన్నది, ఇంకా అలాగే ఉంది. దానికి ఒక చిత్రాన్ని చూపిస్తాను. ఎర్న్‌స్ట్ జర్మన్ కావడంతో రెండవ ప్రపంచ యుద్ధం మొదలవగానే ఫ్రాన్సు ప్రభుత్వం అతన్ని శత్రుదేశీయుడిగా నిర్బంధించింది. తరువాత నాజీల నుంచి తప్పించుకుని 1941లో అమెరికా చేరాడు. ‘వాన వెలిసిన తరువాత యూరప్’ అనే చిత్రాన్ని 1940లో ఫ్రాన్సులో మొదలుపెట్టి 1942లో న్యూయార్కులో పూర్తిచేశాడు. అందులోని కుళ్లిన రాళ్ల వంటి, నాచుపట్టిన శిథిలాల వంటి భాగాలు తడి రంగును అదిమి లాగగా వచ్చినవి. వాటిని ఏ చేయీ ముందుగా ఊహించి వేయలేదు. కానీ ఆ మరకలను చూసి అక్కడ ఒక స్త్రీని, ఇక్కడ పక్షి తల ఉన్న ఒక సైనికుణ్ణి గుర్తించి సన్నని కుంచెతో బయటికి తెచ్చినవాడు ఎర్న్‌స్ట్. వెనక నిర్మలమైన నీలాకాశాన్ని నింపి శిథిలాల అంచులను కత్తిరించినట్టు నిలబెట్టినదీ అతని నిర్ణయమే.

ఈ చిత్రం అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరంలో ఉన్న వాడ్స్‌వర్త్ ఎథీనియం మ్యూజియంలో ఉంది. పెద్ద అచ్చు ప్రతి దొరికితే తీసుకుని, ఎక్కడ రంగు తనంతట తాను పాకింది, ఎక్కడ కుంచె జోక్యం చేసుకుంది అని అంగుళం అంగుళం వెతకండి. కొన్నిచోట్ల నాకు ఇప్పటికీ తేల్చుకోవడం సాధ్యపడలేదు. మీకు ఏవి స్పష్టంగా విడివిడిగా కనిపించాయో ఇక్కడ రాయండి, వాటిని పట్టుకుని ముందుకు మాట్లాడుకుందాం.